ఆరంభశూరుల నవంబర్: టెక్సాస్ ఏ అండ్ ఎమ్ చివర్లోనే ఎందుకు చతికిలపడుతుంది?

మీరు అడిగింది ఇది: "ఈ ఫాల్‌లోనే టెక్సాస్ ఏ అండ్ ఎమ్‌లో చేరాను. మా ఫుట్‌బాల్ టీమ్ గెలిచిన శనివారం ఊరంతా పండగలా ఉంటుంది. సీనియర్లు మాత్రం 'ఆగు, నవంబర్ రానీ' అని నవ్వుతున్నారు. నిజంగా ప్రతిసారీ చివర్లోనే పడిపోతుందా? దురదృష్టమా, గాయాలా, కోచ్‌ల తప్పా? నాకు క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియదు."

సీనియర్లు మిమ్మల్ని ఆటపట్టించడం లేదండీ. ఆ నవ్వు వెనక వాతలున్నాయి. నేను 2010లో అక్కడే ఎమ్మెస్‌కి దిగాను. ఇప్పుడు హ్యూస్టన్ శివార్లలో ఉద్యోగం. అప్పటినుంచి ఈ టీమ్‌ని వదల్లేదు, వదిలేయడానికి అది నాకు ఎన్ని కారణాలు ఇచ్చినా. పైగా కొన్నేళ్లుగా శుక్రవారం రాత్రుళ్లు మా ఏరియా హైస్కూల్ మ్యాచ్‌లకి చైన్ పట్టుకుంటున్నాను. మైదానం అంచున రెండు కర్రలకి కట్టిన పది గజాల గొలుసు ఒకటి ఉంటుంది. బంతి ముందుకి కదిలినప్పుడల్లా దాన్ని మోసుకుంటూ పరిగెత్తే నలుగురిలో నేనొకణ్ని. కోచ్‌ని కాను. కానీ గీత పక్కన నిలబడితే టీవీలో కనపడనివి కొన్ని కళ్లబడతాయి.

చిన్న జవాబు కావాలంటే: దురదృష్టం కాస్త, షెడ్యూల్ కొంత, కోచింగ్ ఎక్కువ. అయితే కోచింగ్ తప్పు నవంబర్‌లో జరగదు. సెప్టెంబర్‌లో, గెలుస్తున్నప్పుడే జరిగిపోతుంది. నవంబర్‌లో వచ్చేది బిల్లు.

ఇప్పుడు లెక్కలు చూడండి. కెవిన్ సమ్లిన్ హెడ్ కోచ్‌గా ఉన్న రోజుల్లో, 2014లో టీమ్ వరసగా 5 గెలిచింది. సీజన్ పూర్తయ్యేసరికి 8-5, అంటే ఎనిమిది గెలుపులు, అయిదు ఓటములు. 2015లో మళ్లీ వరసగా 5 గెలిచి 8-5తో ముగించింది. 2016లో 6 గెలిచింది. చివరికి? 8-5. మూడేళ్లూ కలిపితే మొదటి 16 మ్యాచ్‌ల్లో ఒక్కటీ ఓడలేదు, మిగిలిన 23 మ్యాచ్‌ల్లో గెలిచింది 8. మన తెలుగువాళ్లని ఆరంభశూరులని అంటారు గానీ, ఇంత పద్ధతిగా ఆరంభశూరత్వం చూపించడం మనవల్ల కూడా కాదు.

ఒక ఏడాది అలా జరిగితే గ్రహచారం అనుకోవచ్చు. ఈ మూడు సీజన్లనీ ముగ్గురు వేర్వేరు క్వార్టర్‌బ్యాక్‌లు మొదలుపెట్టారు. అఫెన్స్ నడిపే కోఆర్డినేటర్ మారాడు, డిఫెన్స్ నడిపే కోఆర్డినేటర్ మారాడు. మారనివి రెండే, హెడ్ కోచ్, ఆ 8-5.

ఆట గురించి రెండు ముక్కలు చెబితే గానీ మిగతాది అర్థం కాదు. బంతి చేతిలో ఉన్న జట్టుకి నాలుగు ప్రయత్నాలు ఉంటాయి, వాటిలో పది గజాలు ముందుకి వెళ్లాలి. వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు. లేకపోతే బంతి అవతలివాళ్లకి. బ్యాటింగ్‌కీ బౌలింగ్‌కీ వేరువేరు పదకొండు మంది ఉన్నట్టు ఊహించుకోండి. అఫెన్స్ వాళ్లు ఆడుతుంటే డిఫెన్స్ వాళ్లు బెంచీ మీద నీళ్లు తాగుతారు. క్వార్టర్‌బ్యాక్ అంటే ప్రతి బంతీ ఎవరికి వెళ్లాలో నిర్ణయించేవాడు. వారానికి ఒక్క మ్యాచ్, సీజన్‌కి పన్నెండు, బాగా ఆడితే చివర్లో ఒక బౌల్ గేమ్. పన్నెండే కాబట్టి ఒక్కో ఓటమీ కత్తిపోటే.

ఇక షెడ్యూల్. ఆగస్టు చివర్లో, సెప్టెంబర్‌లో పెద్ద యూనివర్సిటీలు చిన్న టీమ్‌లకి డబ్బిచ్చి ఇంటికి పిలిపించుకుని కొడతాయి. 2014లో లమార్‌ని ఇలాగే 73-3తో, ఎస్ఎమ్‌యూని వాళ్ల ఊరికే వెళ్లి 58-6తో కొట్టారు. ఆ స్కోర్లు చూసి జనం మురిసిపోయారు, ర్యాంకులేసేవాళ్లూ మురిసిపోయారు. అక్టోబర్ వస్తే ఎస్ఈసీ అనే సొంత కాన్ఫరెన్స్, అంటే మన లీగ్, మ్యాచ్‌లు వరసకడతాయి. అలబామా, ఎల్ఎస్‌యూ, ఆబర్న్, ఓల్ మిస్. కాబట్టి టీమ్ నిజంగా దిగజారకపోయినా దిగజారినట్టు కనిపిస్తుంది. ఈ వాదన నేను ఒప్పుకుంటాను, సగం వరకే. ఎందుకంటే నవంబర్‌లో వీళ్లు ఓడింది ఎప్పుడూ కొండల చేతిలోనే కాదు. 2016 నవంబర్ 5న వీళ్లని 35-28తో కొట్టిన మిసిసిపీ స్టేట్ అప్పటికి 3-5తో కొట్టుమిట్టాడుతున్న టీమ్. అది షెడ్యూల్ ఖాతాలో వేయలేం.

అందుకే నేను చెప్పేది, ఓటముల్ని కాదు, వాటికి ముందు వచ్చిన గెలుపుల్ని చూడండి.

2014 సీజన్ మొదటి మ్యాచ్ తీసుకోండి. అప్పుడు 9వ ర్యాంకులో ఉన్న సౌత్ కరొలైనాని వాళ్ల ఇంట్లోనే 52-28తో చితక్కొట్టారు. కెన్నీ హిల్ అనే కుర్రాడు మొదటిసారి స్టార్టింగ్ క్వార్టర్‌బ్యాక్‌గా దిగి 511 గజాలు విసిరాడు, యూనివర్సిటీ రికార్డు. మర్నాటికి వాడికి ముద్దుపేరు, వారం తిరిగేసరికి టీషర్టులు. కానీ ఆ సౌత్ కరొలైనా ఏడాది చివరికి 7-6 దగ్గర ఆగింది. అంటే మనం కొట్టింది పులిని కాదు, పులిచర్మం కప్పుకున్నదాన్ని. అది అప్పుడు ఎవరికీ తెలియదు, సరే. కానీ అయిదో మ్యాచ్ సంగతి అందరూ కళ్లారా చూశారు. ఆర్కన్సా మీద నాలుగో క్వార్టర్‌లో 28-14తో వెనకబడి, ఎలాగో సమం చేసి, ఓవర్‌టైమ్‌లో 35-28తో గట్టెక్కారు. ఆ రోజు ఆర్కన్సా లైన్, అంటే ముందువరస కుర్రాళ్లు, మన డిఫెన్స్‌ని తోపుడుబండిలా నెట్టుకుంటూ పోయారు. గెలిచాం కాబట్టి మర్నాడు ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. ర్యాంకు 6కి చేరింది.

తర్వాతి మూడు వారాలు చెబుతాను, మీరే చూడండి. మిసిసిపీ స్టేట్ చేతిలో 48-31. ఓల్ మిస్ చేతిలో 35-20. అలబామా చేతిలో 59-0. ఆ చివరిది మొదటి సగానికే 45-0. నేను ఒక ఫ్రెండ్ ఇంట్లో చూస్తున్నాను. హాఫ్‌టైమ్‌కి ఒకడు లేచి లాన్ కోయడానికి వెళ్లిపోయాడు. ఎండలో గడ్డి కోయడమే సుఖంగా ఉందన్నాడు.

ఇక్కడ మీ క్రికెట్ పనికొస్తుంది. కొత్త మిస్టరీ స్పిన్నర్ వస్తాడు, మొదటి నాలుగు మ్యాచ్‌లు ఎవరికీ అర్థం కాడు. అయిదో మ్యాచ్‌కి అన్ని టీమ్‌ల దగ్గరా వీడియోలు ఉంటాయి. అప్పటినుంచి వాడు ఇంకో బంతి నేర్చుకోకపోతే వాడి పని అయిపోయినట్టే. కాలేజ్ ఫుట్‌బాల్‌లో ఇది వంద రెట్లు. అవతలి కోచ్‌ల దగ్గర పెద్ద స్టాఫే ఉంటుంది, మీ ప్రతి ఫార్మేషన్‌నీ, ప్రతి అలవాటునీ లెక్కగట్టి పెడుతుంది. సమ్లిన్ టీమ్‌ది బంతిని ఎక్కువగా గాల్లోకి విసిరే స్ప్రెడ్ పద్ధతి. చూడటానికి చాలా బాగుంటుంది. కానీ సెప్టెంబర్‌లో ఉన్న పుస్తకంలోంచే నవంబర్‌లోనూ పాఠం చెబితే ఎలా? ఎల్ఎస్‌యూ మీద సమ్లిన్ ఆరేళ్లలో ఒక్కసారీ గెలవలేదు. 24-19, 34-10, 23-17, 19-7, 54-39, 45-21. ఈ ఆరు మ్యాచ్‌లలో నాలుగు రెగ్యులర్ సీజన్ చిట్టచివరివే.

స్పీడ్ సంగతి కూడా ఉంది. ఇది గీత పక్కన నిలబడితేనే బాగా తెలుస్తుంది. మా హైస్కూల్ మ్యాచ్‌ల్లో కూడా హడావిడి టీమ్‌లు ఉంటాయి. ఒక ప్లే అయిందో లేదో మళ్లీ వరసలో నిలబడతారు, మాకు గొలుసు సర్దుకునే టైమ్ కూడా ఇవ్వరు. మూడు ప్లేలు గురి తప్పితే నాలుగోదాంట్లో బంతిని దూరంగా తన్నేస్తారు, నిమిషంలోపే అది అవతలివాళ్లకి పోతుంది. అప్పుడు పాపం వాళ్ల డిఫెన్స్ కుర్రాళ్లు, ఇంకా హెల్మెట్ తీసి నీళ్లు తాగుతున్నవాళ్లు, మళ్లీ పరిగెత్తుకుంటూ వస్తారు. మూడో క్వార్టర్ మధ్యలో చూడాలి వాళ్లని. నడుం మీద రెండు చేతులు పెట్టుకుని, తల పైకెత్తి, నోరు తెరిచి గాలి పీలుస్తుంటారు. ఆ చేతులు నడుం మీదకి చేరాయంటే ఇంకో పది నిమిషాల్లో ఆ టీమ్ మధ్యలోంచి ఎవడో అరవై గజాలు పరిగెత్తబోతున్నాడని నాకు తెలిసిపోతుంది. సెప్టెంబర్‌లో అవతలివాడు బలహీనుడు, కాబట్టి చెల్లుతుంది. నవంబర్‌లో ఎదురుగా ఎల్ఎస్‌యూ లాంటి మోటు లైన్ ఉంటుంది. పైగా రోజూ ప్రాక్టీస్‌లో సొంత అఫెన్స్ స్ప్రెడ్ ఆడుతుంటే, మధ్యలోంచి గుద్దుకుంటూ వచ్చే ఆటకి మన డిఫెన్స్‌కి అలవాటెక్కడ అవుతుంది? 2015లో అలబామా డెరిక్ హెన్రీ మన మీద 236 గజాలు పరిగెత్తాడు. 2016 థాంక్స్‌గివింగ్ రాత్రి ఎల్ఎస్‌యూ డెరియస్ గైస్ 285 గజాలు పరిగెత్తాడు, అప్పటికి వాళ్ల యూనివర్సిటీ రికార్డు. ఒకే గోడకి ఒకే చోట కన్నం.

మనుషుల్లేరా అంటే ఉన్నారు. అప్పట్లో ప్రతి టీమ్‌కీ 85 స్కాలర్‌షిప్‌లే ఉండేవి. టెక్సాస్‌లో దొరికే కుర్రాళ్లకి కొదవేముంది? మైల్స్ గారెట్ ఆ మూడేళ్లూ ఇక్కడే డిఫెన్స్ లైన్‌లో ఆడాడు. 2017లో ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో, అంటే ప్రొఫెషనల్ టీమ్‌లు కాలేజ్ కుర్రాళ్లని వరసగా ఎంచుకునేచోట, మొట్టమొదట తీసుకున్నది అతన్నే. అలాంటివాడు గుమ్మంలో నిలబడి ఉండగానే ఇల్లు దోచుకుపోయారు.

క్వార్టర్‌బ్యాక్‌ల కథ మాత్రం వివరంగా చెప్పాలి. నా దృష్టిలో అసలు కోచింగ్ వైఫల్యం అదే.

దీని మూలం 2012లో ఉంది. సమ్లిన్ మొదటి ఏడాది, జానీ మాంజియెల్ అనే కుర్రాడు నవంబర్ 10న నంబర్ వన్ అలబామాని వాళ్ల ఊళ్లోనే 29-24తో ఓడించాడు. టీమ్ 11-2తో ముగించింది. ఏటా అత్యుత్తమ కాలేజ్ ఆటగాడికి ఇచ్చే హైస్‌మన్ ట్రోఫీని ఫస్టియర్ ఆటగాడు గెలవడం చరిత్రలో అదే మొదటిసారి. ఆ రాత్రి మన యూనివర్సిటీ ఉన్న ఊరు, కాలేజ్ స్టేషన్‌లో ఉన్న ఎవర్నైనా అడగండి, అప్పుడు ఎక్కడున్నారో ఇప్పటికీ చెబుతారు. కానీ మాంజియెల్‌ని తెచ్చింది అంతకుముందు కోచ్ మైక్ షెర్మన్. మాంజియెల్‌కి కాపుకాసిన ల్యూక్ జోకెల్, జేక్ మాథ్యూస్ కూడా షెర్మన్ తెచ్చినవాళ్లే, తర్వాత డ్రాఫ్ట్‌లో ఒకరు 2వ స్థానంలో, ఒకరు 6వ స్థానంలో పోయారు. అఫెన్స్ నడిపిన క్లిఫ్ కింగ్స్‌బరీ ఆ సీజన్ అవగానే టెక్సాస్ టెక్‌కి హెడ్ కోచ్‌గా వెళ్లిపోయాడు. సమ్లిన్‌ని తక్కువ చేయడం కాదు, ఆ ఇంటిని కలిపి నడిపించింది ఆయనే. కానీ ఆ ఒక్క ఏడాది ఆయనకి ఇచ్చిన పేరు, ఆ తర్వాత నాలుగేళ్లు తప్పులన్నిటి మీదా దుప్పటిలా పడి ఉంది. 2013 సీజన్ చివర్లో కొత్త కాంట్రాక్టు వచ్చింది. ఏడాదికి 50 లక్షల డాలర్లు.

మాంజియెల్ వెళ్లాక వచ్చినవాళ్లలో ఒక్కడూ నిలవలేదు. కెన్నీ హిల్ మూడు ఓటముల తర్వాత బెంచీ ఎక్కాడు, ఆపైన సస్పెన్షన్, సీజన్ అవగానే టీసీయూకి ట్రాన్స్‌ఫర్. వాడి స్థానంలో వచ్చిన కైల్ అలెన్ ఆబర్న్‌ని 41-38తో ఓడించాడు. హమ్మయ్య, దొరికాడు అనుకున్నాం. 2015కి కైలర్ మర్రే కూడా చేరాడు. డాలస్ ఉత్తరాన అలెన్ అనే ఊరుంది కదా, మనవాళ్లు బోలెడంత మంది ఉండేది. అక్కడి హైస్కూల్‌కి ఆడి, స్టార్టర్‌గా ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా వచ్చిన కుర్రాడు. (కైల్ అలెన్ అలెన్ వాడు కాదు, అలెన్ వాడు కైలర్. ఆ ఏడాది మా ఇంట్లో దీనికే సగం టైమ్ పోయేది.) ఇద్దరు మంచి క్వార్టర్‌బ్యాక్‌లు ఉండటం అదృష్టం అంటారు. ఎవడు నీవాడో నువ్వు చెప్పనంతవరకు అది శాపం.

టీమ్ 5-0. అలబామా వచ్చింది, మనం విసిరిన మూడు బంతుల్ని వాళ్లే పట్టేసి (ఇంటర్‌సెప్షన్లు) మన చివరి గీత దాటించి టచ్‌డౌన్‌లు చేసేశారు, 41-23. తర్వాత ఓల్ మిస్, 23-3. అప్పుడు అలెన్‌ని పక్కనపెట్టి మర్రేని దింపారు. సౌత్ కరొలైనా మీద మర్రే 223 గజాలు విసిరి, 156 గజాలు పరిగెత్తి గెలిపించాడు. మరుసటి వారం ఆబర్న్ చేతిలో 26-10 ఓటమి. కొన్నాళ్లకి మళ్లీ అలెన్. ఎల్ఎస్‌యూ మీద 19-7 ఓటమి. కుర్రాళ్ల వైపు నుంచి ఆలోచించండి. తప్పు చేస్తే కుర్చీ పోతుందని తెలిసినవాడు బంతి ఎలా విసురుతాడు? చేయి వణుకుతుంది. డిసెంబర్‌లో కొద్ది రోజుల తేడాతో ఇద్దరూ వెళ్లిపోయారు. బౌల్ గేమ్‌లో జేక్ హ్యూబెనాక్ అనే మూడో కుర్రాడిని దింపాల్సివచ్చింది. లూయివిల్ చేతిలో 27-21. మర్రే ఓక్లహోమాకి వెళ్లి 2018లో హైస్‌మన్ గెలిచాడు, 2019 డ్రాఫ్ట్‌లో మొదటివాడిగా పోయాడు. సొమ్ము మన ఇంట్లోనే ఉంది, తాళంచెవి ఎక్కడుందో మనవాళ్లకి తెలియలేదు.

అప్పుడైనా హెడ్ కోచ్ అద్దంలో చూసుకోవాలి. ఏం చేశాడంటే, అసిస్టెంట్లని మార్చాడు. 2014 చివర్లో డిఫెన్స్ కోఆర్డినేటర్ మార్క్ స్నైడర్‌ని తీసేసి, ఎల్ఎస్‌యూ నుంచి జాన్ చావిస్‌ని తెచ్చారు. 2015 తర్వాత అఫెన్స్ కోఆర్డినేటర్ జేక్ స్పావిటల్‌ని పంపించి, నోయెల్ మాజోనిని తెచ్చారు. చావిస్ తెచ్చిన మార్పు కొంత కనిపించింది, కాదనను. కానీ వంటవాళ్లని మారుస్తూ మెనూ అదే పెడితే రుచి ఎంత మారుతుంది? ఓక్లహోమా నుంచి ట్రెవర్ నైట్‌ని ఒక్క ఏడాది కోసం క్వార్టర్‌బ్యాక్‌గా తెచ్చుకున్నారు. అప్పు చేసి పప్పుకూడు.

ఆ పప్పుకూడు రుచిగానే ఉంది మరి. 2016లో 6-0. ఆరోది టెనెసీ మీద, రెండో ఓవర్‌టైమ్‌లో 45-38. ఊరు ఊగిపోయింది. నేనూ ఊగాను, అబద్ధమెందుకు. కానీ ఆ రాత్రి టెనెసీ బంతిని 7 సార్లు మన చేతిలో పెట్టింది. ఏడు! అవతలివాడు ఏడుసార్లు బంతి ఇచ్చినా, 28-7 ఆధిక్యం పోగొట్టుకుని, రెండు ఓవర్‌టైమ్‌లు ఆడి గెలిచాం. ఇది గెలుపా, హెచ్చరికా? అలబామా చేతిలో ఓడినా నవంబర్ 1న జాతీయ ఛాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్‌కి టీమ్‌లని ఎంచే కమిటీ వేసిన మొదటి జాబితాలో మనది 4వ స్థానం, ఒక్క మ్యాచ్ కూడా ఓడని వాషింగ్టన్ కన్నా పైన. నాలుగు రోజులకి ఆ మిసిసిపీ స్టేట్ మ్యాచ్. నైట్ భుజానికి దెబ్బ తగిలింది. ఇక్కడ దురదృష్టానికి దాని వాటా ఇవ్వాల్సిందే.

ఆ తర్వాతి శనివారం ఓల్ మిస్. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ షే ప్యాటర్సన్ అప్పటిదాకా కాలేజ్ మ్యాచ్ ఒక్కటీ ఆడని కుర్రాడు. రెడ్‌షర్ట్ మీద, అంటే ఆ ఏడాది ఆడించకుండా దాచిపెట్టినవాణ్ని, విధిలేక బయటికి తీశారు. మూడు క్వార్టర్లు అయ్యేసరికి మనం 21-6తో ముందున్నాం. నేను షుగర్‌ల్యాండ్‌లో ఫ్రెండ్ ఇంట్లో ఉన్నాను. గుంటూరు నుంచి వచ్చిన వాళ్లమ్మగారు ప్లేట్లలో పెసరట్లు పెడుతూ టీవీ వైపు చూసి, "మీవాళ్లే గెలుస్తున్నారుగా నాయనా, ఆ మొహాలేంటి అలా పెట్టారు?" అన్నారు. ఆవిడకి ఏం చెబుతాం? స్కోరు కాదు, మేం చూస్తున్నది డిఫెన్స్ లైన్ కుర్రాళ్ల చేతుల్ని. నడుం మీదకి చేరిపోయాయి. నాలుగో క్వార్టర్‌లో ఆ కొత్త కుర్రాడు 23 పాయింట్లు చేయించాడు. 29-28. పెసరట్లు చల్లారిపోయాయి.

ఇక 2017. సీజన్ మొదటి మ్యాచ్‌లోనే, సెప్టెంబర్ 3న, యూసీఎల్ఏ మీద మూడో క్వార్టర్‌లో 44-10 ఆధిక్యం. స్టార్టర్ నిక్ స్టార్కెల్ గాయపడితే ఫస్టియర్ కుర్రాడు కెలెన్ మాండ్ దిగాడు, అతను 17 సార్లు విసిరితే అందింది 3. బంతిని, గడియారాన్ని ఎలా కాపాడుకోవాలో సైడ్‌లైన్ మీద ఉన్న పెద్దవాళ్లకీ తోచలేదు. యూసీఎల్ఏ వరసగా 35 పాయింట్లు కొట్టి 45-44తో గెలిచింది. మూడేళ్ల సీజన్ స్లంప్‌ని ఒక్క సాయంత్రంలోకి కుదించి చూపించినట్టు అయింది. ఆ రాత్రే యూనివర్సిటీ బోర్డు సభ్యుడొకరు సమ్లిన్‌ని తీసేయాలని ఫేస్‌బుక్‌లో రాసేశారు. కాంట్రాక్టు మధ్యలో తెంచినందుకు కోటి డాలర్లకి పైగా బయ్యౌట్ ఇచ్చి నవంబర్ చివర్లో సాగనంపారు. ఆరేళ్లలో 51 గెలుపులు, 26 ఓటములు. ఒక్క సీజన్‌లోనూ గెలుపుల కన్నా ఓటములు ఎక్కువ లేవు. చాలా యూనివర్సిటీలు ఇలాంటి కోచ్‌కి విగ్రహం పెడతాయి.

డబ్బుతో ఇది పోతుందా అని మీకు అనుమానం రావచ్చు. ప్రయత్నించారు. జింబో ఫిషర్‌ని పదేళ్లకి 7 కోట్ల 50 లక్షల డాలర్ల కాంట్రాక్టుతో తెచ్చారు. 2020లో 9-1 చేశాడు, బాగుంది. 2022లో 5-7. 2023 నవంబర్‌లో తీసేస్తే, వదిలించుకోవడానికే 7 కోట్ల 50 లక్షల డాలర్ల పైచిలుకు కట్టాల్సివచ్చింది. దాని గురించి ఇంకేం మాట్లాడతాం.

మైక్ ఎల్కో వచ్చిన మొదటి ఏడాది, 2024, నాకు బాగా ఆసక్తిగా అనిపించింది, ఎందుకంటే మనిషి మారాడు, పద్ధతి మారింది, కథ మాత్రం మారలేదు. అక్టోబర్ 26న ఎల్ఎస్‌యూ మీద 17-7తో వెనకబడినప్పుడు క్వార్టర్‌బ్యాక్‌ని మార్చి మార్సెల్ రీడ్‌ని దింపాడు. రీడ్ మూడు టచ్‌డౌన్‌లు పరిగెత్తాడు, 38-23. అద్భుతమైన కోచింగ్ నిర్ణయం, నేను గొంతు పోయేలా అరిచాను. టీమ్ 7-1. కానీ ఎల్ఎస్‌యూకి రీడ్ గురించి తయారీ లేదు. మరుసటి వారం సౌత్ కరొలైనాకి ఉంది. రెండో సగంలో మనకి ఒక్క పాయింటూ రాలేదు, 44-20. మెయిన్ రన్నర్ లెవియాన్ మాస్ మోకాలు ఆ రోజే పోయింది. తర్వాత ఆబర్న్‌లో నాలుగు ఓవర్‌టైమ్‌లు ఆడి 43-41. సొంత మైదానంలో యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ చేతిలో 17-7. బౌల్ గేమ్‌లో యూఎస్‌సీ చేతిలో 35-31. మొత్తం ఎంతో మీరే కూడండి. అవును, 8-5.

అందుకని దీన్ని సమ్లిన్ ఒక్కడి నెత్తిన రుద్దడం నాకు ఇష్టం ఉండదు. నేను స్టూడెంట్‌గా ఉన్నప్పుడు, 2011లో, షెర్మన్ టీమ్‌కి సీజన్ చివరిదాకా ఆగే ఓపిక కూడా ఉండేది కాదు. హాఫ్‌టైమ్ చాలు. ఓక్లహోమా స్టేట్ మీద 20-3 ఆధిక్యంలోంచి 30-29 ఓటమి. వారం తిరక్కుండానే ఆర్కన్సా మీద 35-17 లోంచి 42-38. ఆ ఏడాది థాంక్స్‌గివింగ్ రాత్రి మన స్టేడియం కైల్ ఫీల్డ్‌లో టెక్సాస్‌తో ఆఖరి మ్యాచ్, ఆ తర్వాత మనం కాన్ఫరెన్స్ మారిపోతున్నాం. చివరి సెకనులో జస్టిన్ టకర్ 40 గజాల కిక్ కొట్టాడు. 27-25. స్టూడెంట్ సెక్షన్‌లో వేలమంది ఉన్నారు. కిక్ పడ్డ క్షణంలో అవతలి మూల కాస్త నారింజ రంగు ఎగిరింది, మా వైపు ఎవరో పాప్‌కార్న్ డబ్బా కింద పెట్టిన చప్పుడు కూడా వినిపించింది. నా పక్కన ఒక పెద్దాయన, పాత స్టూడెంట్ అనుకుంటాను, నా భుజం తట్టి "వెల్‌కమ్" అన్నాడు. అభిమానులు తమకున్న ఈ జబ్బుకి పేరు కూడా పెట్టుకున్నారు, బ్యాటర్డ్ ఆగీ సిండ్రోమ్ అని (ఆగీ అంటే ఏ అండ్ ఎమ్ వాడు). ముందున్నా సరే, ఓడిపోతామనే నమ్మకం.

అయితే అది శాపం కాదు. మంచి కోచ్ ఏం చేస్తాడో మా హైస్కూల్ మైదానంలోనే చూస్తున్నాను. నేను ఎక్కువగా చైన్ పట్టుకునే స్కూల్లో ఒక పెద్ద కోచ్ ఉన్నాడు. టీమ్ 40 పాయింట్లతో గెలిచిన రాత్రి కూడా, బ్యాండ్ వాయిస్తుండగానే, లైన్ కుర్రాళ్లని ఐదుగుర్ని పక్కకి పిలిచి మూడో క్వార్టర్‌లో వాళ్ల అడుగులు ఎక్కడ తప్పాయో గడ్డి మీద బూటుతో గీసి చూపిస్తాడు. కుర్రాళ్లకి తిక్క, గెలిచాం కదా ఇంకా ఏంటి అని. అక్టోబర్ మధ్యనుంచి ప్రాక్టీస్‌లో గుద్దుళ్లు సగానికి తగ్గించేస్తాడు. రెండో వరస కుర్రాళ్లని సెప్టెంబర్‌లోనే, స్కోరు దగ్గరగా ఉన్నప్పుడే, ఆడిస్తాడు. అప్పుడు తల్లిదండ్రులు స్టాండ్స్‌లోంచి అరుస్తారు. నవంబర్‌లో ఎవరూ అరవరు.

మీరు నవంబర్‌లో స్టేడియానికి వెళ్తే ఒక పని చేయండి. మూడో క్వార్టర్‌లో బంతిని చూడటం మానేసి మన డిఫెన్స్ లైన్ కుర్రాళ్ల చేతులు ఎక్కడున్నాయో చూడండి. బైనాక్యులర్స్ ఉంటే తీసుకెళ్లండి, లక్ష పైచిలుకు మంది పట్టే స్టేడియం, పైన సీటు దొరికితే మనుషులు చీమల్లా కనిపిస్తారు. ఇంకో సంగతి, అక్కడ స్టూడెంట్లు మ్యాచ్ మొత్తం నిలబడే ఉంటారు, ఆనవాయితీ. మీరొక్కరే కూర్చుంటే బాగుండదు. మెత్తటి బూట్లు వేసుకెళ్లండి. పులిహోర, చికెన్ సిక్స్టీఫైవ్ లాంటివి పార్కింగ్ లాట్‌లోనే కానిచ్చేయాలి, డబ్బాలు లోపలికి రానివ్వరు.